పిడి మీద ఐదు వేళ్ళు

ఆ మంగళవారం పొద్దున పెంచల్ వేసుకున్న పథకంలో తికమక ఏమీ లేదు. యజమాని బాబా మనవళ్ళను బడి దగ్గర దింపాలి, బండి కడగాలి, బాబా రెండో గ్లాసు టీ తాగేదాకా ఆగాలి, అప్పుడు చొక్కా జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాలి. మొదటి గ్లాసప్పుడు బాబా ఎవరి మాటా వినడు. మూడో గ్లాసుకు కునుకు తీస్తాడు. ఏ పనైనా రెండో గ్లాసులోనే కావాలని, కువైట్‌లో ఒమరియాలోని ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా డ్రైవరుగా ఉన్న పెంచల్‌కు బాగా తెలుసు.

ఆ కాగితం అతని భార్య వెంకటేశ్వరి వీసాది. వంటకు సాయంగా ఆమెను పిలిపిస్తానని బాబా రంజాన్ నెలలో మాట ఇచ్చాడు. ఇక మిగిలింది సంతకమొక్కటే. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. అందులో మొగుడూ పెళ్ళాం ఒక ఇంట్లో కాపురం చేసింది, సెలవులన్నీ కలిపి లెక్కేసినా, నాలుగేళ్ళకు తక్కువే. అందుకే పెంచల్ ఆ కాగితాన్ని చెమట తగలకుండా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును మరో కవరులో పెట్టి, నెల రోజులుగా గుండెకు ఆనించుకుని తిరుగుతున్నాడు.

పెంచల్‌ది రాజంపేట దగ్గరి పల్లె. మంచివాడే, పనిదొంగ కాదు, కానీ పుట్టుకతోనే అనుమానం మనిషి. ఎవరైనా టీ ఇస్తే ఎందుకిచ్చారో తెలిసేదాకా తాగడు. బాబా నవ్వుతూ పలకరించిన రోజున, తన వల్ల ఏ తప్పు జరిగిందోనని సాయంత్రం దాకా వెతుక్కుంటాడు. అలాంటివాడికి ఆ పొద్దున రెండో గ్లాసు వేళకు బాబా హాల్లో కనబడలేదు.

బాబా వెనకవైపు స్టోరు గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. ముందున్న బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద నూనె సీసా, బూడిదరంగు పుట్టీ డబ్బా, పక్కన ఒక పిస్టల్. పెంచల్ కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

"తాల్, పెంచల్, తాల్!" అని బాబా గుసగుసగా పిలిచాడు. సగం అరబ్బీ, సగం హిందీ కలిపి మాట్లాడడం ఆయన అలవాటు. "తలుపు వెయ్యి. కుడి చెయ్యి ఇటివ్వు."

ముందురోజు సాయంత్రమే ఆయన తన అరచేతిని పెంచల్ అరచేతికి ఆనించి, వేలికి వేలు కొలిచి, "సేమ్ సేమ్" అని మురిసిపోయాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఇప్పుడు ఆ కుడిచేతికి నూనె రాశాడు. పిస్టల్ చెక్క పిడికి పుట్టీ దట్టంగా పట్టించి, పెంచల్ వేళ్ళను ఒక్కొక్కటే దాని చుట్టూ సర్ది, పైనుంచి తన రెండు చేతులతో గట్టిగా అదిమాడు.

"కదలొద్దు. ఐదు నిమిషాలు."

పెంచల్ ఊపిరి కూడా చూసి చూసి పీల్చాడు. ఐదు నిమిషాలయ్యాక బాబా వేళ్ళు విడిపించి, పిడిని వెలుతురులో తిప్పి చూసి, "మాషా అల్లా!" అన్నాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఐదు వేళ్ళూ, అరచేతి గీతలతో సహా, దాని మీద అచ్చుగుద్దినట్టు దిగి ఉన్నాయి.

"ఇదెందుకు బాబా?"

"ఆట. క్లబ్బులో ఆట," అని బాబా పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "మామాకు మాత్రం చెప్పొద్దు."

ఆటయితే బాబా భార్య మామాకు ఎందుకు చెప్పకూడదు? ఆ ప్రశ్నను మింగేసి, పెంచల్ ఎడమచేత్తో జేబులోని కాగితం బయటికి తీశాడు. బాబా కాగితం వంక చూశాడు, పిస్టల్ వంక చూశాడు. "ముందు ఈ పని కానీ, తర్వాత సంతకం" అని తేల్చేశాడు.

వంటింట్లో అంకాలమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. రాయచోటి పక్క మనిషి, యాభై దాటింది, ఇరవై ఏళ్ళలో కువైట్‌లో నాలుగిళ్ళు మారింది. తనకు తెలియకుండా ఈ దేశంలో ఏదీ జరగదని ఆమె నమ్మకం. పెంచల్ నమ్మకం కూడా అదే.

"ఏందబ్బీ, మొగం అట్ల పాలిపోయింది?"

"అంకాలక్కా, బాబా నా సేతి ఐదేళ్ళూ ముద్ర ఏయించుకున్యాడు."

ఆమె చేతిలో కత్తి ఆగింది. "యాడ? కాగితం మిందనా?"

"కాగితం మిందయితే ఏడ్సి ఊరకుందును. తుపాకి మింద."

కువైట్‌లో పనిచేసే కడప జిల్లా మనిషికి వేలిముద్ర అంటే రేషన్ కార్డు గుర్తుకు రాదు. మనిషిని దేశం నుంచి పంపించేసేటప్పుడు అన్ని వేళ్ళూ ముద్ర వేయించుకుంటారు. ఆ తర్వాత పేరు మార్చి వచ్చినా, పాస్‌పోర్టు మార్చి వచ్చినా, ఎయిర్‌పోర్టులోనే ఆ వేళ్ళు పట్టిచ్చేస్తాయి. ఫలానా వాడికి ఫింగర్ పడిందంటే వాడి కువైట్ ఖలాస్ అని అర్థం. అంకాలమ్మ తమ్ముడికి అలాగే పడింది.

"ఫింగరయితే పోలీసోళ్ళు ఏయించుకుంటారు," అని ఆమె నిదానంగా కత్తి పక్కన పెట్టింది. "తుపాకి మింద ఏయించుకునేది వేరే యవ్వారం. మామాకు సెప్పొద్దన్యాడా?"

"అన్యాడు."

"మూడు దినాల్నుంచి ఇద్దురికీ మాటల్లేవు. మొన్న ఆయమ్మ పళ్ళెం ఇసిరికొట్టింది. పెంకులు ఊడ్సింది నేనే. ఇంగ నీకు విడమరిసి సెప్పల్నా? పేల్సేది ఆయప్ప. పిడి మింద ఏళ్ళు మాత్రం నీయి."

పెంచల్ బియ్యం మూట మీద కూలబడ్డాడు.

నిజానికి జరిగింది ఇంతే. టెలిఫోన్ శాఖలో రిటైరైన బాబాకు పొద్దుపోక, ఏడాదిగా క్లబ్బులో గాలి పిస్టల్‌తో గురి కొట్టే సరదా పట్టుకుంది. అందులో తూటా ఉండదు. మిరియపు గింజంత సీసం గుండు పేల్చాలి, పది మీటర్ల అవతల కాగితం మీద నల్లటి చుక్కకు తగలాలి. ఆ ఆటకు పిడి చేతికి అతికినట్టు ఉండాలి కనక, ఆడేవాళ్ళందరూ పిడికి పుట్టీ పట్టించి, చేతి అచ్చు తీసి, అంచులు చెక్కించుకుంటారు. క్లబ్బులో ఆ పని తెలిసిన లెబనాన్ ముసలాయన కంటి ఆపరేషనుకు తన ఊరు వెళ్ళిపోయాడు. పోటీ చూస్తే శుక్రవారం. మరో పనివాడి కోసం బాబా నాలుగు రోజులు ఫోన్లు చేసి, ఎవరూ దొరక్క, తనే ఆ పనికి దిగాడు.

దిగిన మొదటిరోజే డైనింగ్ టేబుల్ మీద డ్రిల్లు పెట్టి, పిడితో పాటు మామా పుట్టింటివాళ్ళిచ్చిన టేకు బల్లకు కూడా చిల్లు పొడిచాడు. పళ్ళెం పగిలింది అప్పుడే. ఆ వస్తువు మళ్ళీ కంటబడితే దాన్ని చెత్తబండి వాడికి ఇచ్చేస్తానని మామా ఖరాఖండిగా చెప్పింది. రెండో రోజు ఆయన చేతికే పుట్టీ పట్టుకుని అరగంట దాకా ఊడలేదు, ఊడినప్పుడు చర్మం మీది వెంట్రుకలన్నీ దాంతోపాటే వచ్చాయి. అందుకే మూడో రోజు, నూనె రాస్తే ఎలా ఉంటుందో ముందుగా చూడడానికి, తన కొలత చెయ్యే ఉన్న డ్రైవరును పిలిచాడు. అచ్చు అంత బాగా వస్తుందని ఆయనే అనుకోలేదు. ఇదంతా పెంచల్‌కు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. డ్రైవరుకు అంత వివరం దేనికని ఆయన చెప్పలేదు.

పది గంటలకు బాబా మళ్ళీ పిలిచాడు. పిస్టల్‌ను బూట్ల అట్టపెట్టెలో పెట్టి, పైన టవల్ చుట్టి ఉంచాడు.

"మన వంటింటి అల్మరాలు చేసిన వడ్రంగి ఉన్నాడే, సబ్హాన్‌లో, దేవానందం. వాడి దగ్గరికి తీసుకెళ్ళు. అంచులు మాత్రం నున్నగా చెయ్యమను. వేళ్ళు పడినచోట ముట్టుకోవద్దు. వేళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. మామాకు తెలియకూడదని గట్టిగా చెప్పు. యల్లా!"

వేళ్ళు అలాగే ఉండాలట! అంతటితో పెంచల్‌కు అనుమానం తీరిపోయి నమ్మకం కుదిరింది. పోనంటే సంతకం లేదు. పోతే మెడకు ఉచ్చు. పెట్టెను చేత్తో ముట్టుకోవడానికి ధైర్యం చాలక వంటింట్లోకి పరిగెత్తి, బాబా చెప్పిందంతా చెప్పాడు.

అంకాలమ్మ అప్పటికే ఆలోచించి పెట్టింది. గిన్నెలు తోమే పసుప్పచ్చ రబ్బరు గ్లౌజులు తీసి అతని చేతుల్లో పెట్టింది. "ఇవి తొడుక్కో. ఇంగొక్క ఏలు గూడ దానికి తగలనీగాకు. పో, పని చేయించు. గానీ ఆయప్ప సెప్పిన పని గాదు. ఏళ్ళే గీకించెయ్. ఆనవాలే లేకుంటే నిన్నెవురేం జేస్తారు?"

"సంతకం?"

"పానం ఉంటే గదా సంతకం!"

మోచేతుల దాకా గ్లౌజులు వేసుకుని పెంచల్ రింగు రోడ్డు ఎక్కాడు. పక్కబండ్లలోవాళ్ళు అద్దాలు దించి మరీ చూశారు. అతనికి వాళ్ళందరూ బాబా మనుషుల్లాగే కనబడ్డారు. సబ్హాన్ మలుపు దగ్గర ఒక పోలీసు చెయ్యి అడ్డం పెట్టి, ఇఖామా కార్డు చూపించమన్నాడు. రబ్బరు వేళ్ళకు కార్డు చిక్కలేదు. మూడుసార్లు వీసా కవరు వచ్చింది, నాలుగోసారి కార్డు వచ్చింది.

"చేతులకేమైంది?" అని పోలీసు అడిగాడు.

పెంచల్ నోటికి దొరికింది చెప్పేశాడు. "జబ్బు సార్. అంటుకునే జబ్బు."

పోలీసు కార్డును గోళ్ళ కొసలతో పట్టుకుని బండిలోకి విసిరేసి, పొమ్మని చెయ్యి ఊపాడు. టవల్ చుట్టిన పెట్టె వెనకసీట్లో ప్రశాంతంగా ఉంది. పెంచల్ చొక్కా మాత్రం పిండితే బకెట్టు నిండేలా తడిసింది.

వర్క్‌షాపులో అందరూ భోజనాలకు వెళ్ళారు. దేవానందం ఒక్కడే బెంచీ ముందు కూర్చుని కేరేజీ విప్పుతున్నాడు. పాలకొల్లు మనిషి, చర్చిలో పాటలు పాడతాడు, ఎవరితోనూ పేచీకి పోడు.

"రండి రండి పెంచల్ గారూ! మేడం గారు బాగున్నారాండీ? అల్మరాలు బిగించిన్రోజున ఆవిడ పెట్టిన చేప బిర్యానీ ఇప్పటికీ మర్చిపోలేదండి. అదేంటండీ, ఆ చేతులకి?"

పెంచల్ షట్టరు సగం దించి, పెట్టె తెరిచి, టవల్ విప్పాడు. దేవానందం నోట్లో పెట్టుకోబోయిన ముద్ద కేరేజీలోకి జారిపోయింది.

"దీని మింద ఏలిముద్రలుండాయి," అన్నాడు పెంచల్ గొంతు తగ్గించి. "అవి పోవల్ల."

"ఎవరివండీ?"

"నాయే."

దేవానందం షట్టరు వైపు చూశాడు. సగమే తెరిచి ఉంది, మధ్యలో పెంచల్ నిలబడి ఉన్నాడు. "అంటే... పనయిపోయిందాండీ? ఇంకా అవ్వాలాండీ?"

"ఇంగా కాల్యా. అయ్యే లోపలే ఇది కావల్ల. మామాకు మాత్రం తెలీగూడదు."

"ప్రభువా!" అన్నాడు దేవానందం. "నేనేం అడగలేదండి. నేనేం వినలేదండి." గోడకు తగిలించిన వెల్డింగు గ్లౌజులు తీసి తనూ తొడుక్కున్నాడు. పిడి ఊడదీసి, ఆకురాయి అందుకున్నాడు.

పుట్టీ రెండు నిమిషాల్లో రాలిపోయింది. కింద అక్రోటు చెక్క బయటపడింది. మంచి చెక్క, సన్నటి చారలు ఒకదాని చుట్టూ ఒకటి వంపు తిరిగి ఉన్నాయి. పెంచల్ వంగి చూసి ఉలిక్కిపడ్డాడు.

"అదో, ఆడ ఇంగా ఉండాది! బొటనేలు!"

"అది చెక్క చారండీ."

"చెక్క చార అచ్చం నా బొటనేలి మాదిరి ఎట్లుంటాదప్పా? గీకు."

ఇరవై రెండేళ్ళుగా చెక్కతో బతుకుతున్న దేవానందానికి చారకూ వేలిముద్రకూ తేడా తెలియక కాదు. కానీ బెంచీ మీద పిస్టల్, ఎదురుగా గ్లౌజులు వేసుకున్న మనిషి. "మీరెలాగంటే అలాగేనండి" అని ఇంకో పొర తీశాడు. కింద ఇంకో చార వచ్చింది. అది పెంచల్‌కు చూపుడువేలిలా కనబడింది. దాన్ని తీస్తే ఉంగరం వేలు, దాన్ని తీస్తే మళ్ళీ బొటనవేలు. తన చేతికి ఐదు వేళ్ళే ఉన్నాయన్న సంగతి కూడా పెంచల్‌కు తోచలేదు. అరగంట గడిచేసరికి బాబా చేతికి నిండుగా ఉండాల్సిన పిడి సన్నబడి, నాజూకైపోయి, ఇక గీకితే లోపలి ఇనుము కనబడే దశకు వచ్చింది. దేవానందం దాన్ని సాండ్‌పేపరుతో నున్నగా రుద్ది, పాలిష్ కూడా పెట్టాడు. పని అనేసరికి భయంలో కూడా ఆయన చెయ్యి వంకర పోదు.

"ఎంత అయినాది?"

"ఒక్క ఫిల్సు కూడా వద్దండి. మీరు బయల్దేరండి."

తర్వాతి సంగతి పెంచల్‌కు ఆలస్యంగా తెలిసింది. అతని బండి మలుపు తిరగగానే దేవానందం మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు ప్రార్థన చేశాడు. లేచి, అల్మరాల బిల్లు పుస్తకం వెతికి, ఒమరియా ఇంటి నంబరుకు ఫోన్ చేశాడు. "మేడం, మీ డ్రైవరు గ్లౌజులు వేసుకొచ్చి పిస్టల్ మీద వేలిముద్రలు తీయించుకుపోయాడు, ఇంకా పని కాలేదన్నాడు, మీకు తెలియకూడదన్నాడు, తలుపులు వేసుకోండి, మీ కోసం ప్రార్థన చేస్తున్నాను" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పి పెట్టేశాడు.

మామా ఫోను పట్టుకునే లెక్కేసుకుంది. పెంచల్ బొద్దింకను చూస్తేనే పక్కకు తప్పుకునే మనిషి, తనను చంపడానికి వాడికేం పట్టింది? ఈ ఇంట్లో పిస్టల్ ఉన్నది ఒక్కరికే. ఆమె అంకాలమ్మను పిలిచింది. అంకాలమ్మ మొదట తనకేమీ తెలియదంది. తర్వాత తెలిసింది చెప్పింది, ఆ తర్వాత తెలియనిది కూడా చెప్పింది.

పెంచల్ పెట్టెతో లోపలికి వచ్చేసరికి మామా డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆమె వెనక అంకాలమ్మ కాఫీ గింజలు దంచే ఇత్తడి రోకలి పట్టుకుని నిలబడింది. బాబా ఓ మూల, ఏ నేరానికి తనను నిలబెట్టారో తెలియక, టీ గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా ఉన్నాడు.

"పెట్టె బల్ల మీద పెట్టు," అంది మామా. "దీన్ని ఎవరు పంపారు?"

బాబా ఆమె వెనకనుంచి వద్దు వద్దని కళ్ళతో సైగ చేశాడు. పెంచల్‌కు జేబులో కాగితం బరువుగా తగిలింది. బాబా పేరు చెబితే వెంకటేశ్వరి రాదు. చెప్పకపోతే తను మిగలడు. ఒక్క క్షణం ఊగిసలాడి, గ్లౌజుల చేతులు జోడించి నేల మీద పడిపోయాడు.

"మామా, నేను ఎవరినీ చంపలేదు, చంపను! వేళ్ళు నావి, పని బాబాది!"

"ఏం పని?" అన్నాడు బాబా.

"మామాను చంపే పని!"

బాబా చేతిలో టీ ఒలికింది. మూడు రోజుల తర్వాత ఆయన మొదటిసారి భార్య ముఖంలోకి చూసి మాట్లాడాడు. "నిన్నా? దీంతోనా? దీంతో పావురం కూడా చావదు! ఇది క్లబ్బు పిస్టల్, గాలి పిస్టల్! పిడి బాగుచేయించడానికి పంపాను, అంతే! నువ్వు చెత్తబండికి ఇస్తానన్నావనే దాచాను!" అంటూ నిరూపించడానికి పెట్టె తెరిచాడు.

తెరిచి, చూసి, మూత వేసి, మళ్ళీ తెరిచాడు.

"వేళ్ళేవి?"

"గీకించేశాను బాబా," అన్నాడు పెంచల్ నేల మీదినుంచే.

బాబా పిడిని పట్టుకుని చూశాడు. ఆయన పెద్ద చేతిలో అది దొరకకుండా జారిపోతోంది. శుక్రవారం పోటీ, ఏడాది కష్టం, ఊడిపోయిన వెంట్రుకలు అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చినట్టున్నాయి. "ఖలాస్!" అని ఇల్లు అదిరేలా అరిచాడు. "రేపే టికెట్! సఫర్! ఊరికి పో! ఫింగర్ వేయించి మరీ పంపిస్తా! ఆ కాగితం ఇటు తే!" అని పెంచల్ జేబులోంచి కవరు లాగేశాడు.

చింపబోతే ప్లాస్టిక్ సాగింది కానీ చిరగలేదు. విప్పితే లోపల ఇంకో కవరు వచ్చింది. పెంచల్ బాబా వేళ్ళ వంకే చూస్తున్నాడు. నెల రోజులు గుండెకు ఆనించుకున్నది అక్కడ ఊడివస్తుంటే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. అది భయంతో వచ్చిన ఏడుపు కాదు. ఊళ్ళో వెంకటేశ్వరి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టి అప్పటికే వారమైంది.

"ఈ ముక్క కోసమేనా మా నాన్న ఇచ్చిన బల్లకు చిల్లు పెట్టావు?" అంటూ మామా పిస్టల్ ఎత్తి చేతిలోకి తీసుకుంది. ఇంకా ఏదో తిట్టబోయి ఆగిపోయింది. ఆమెది చిన్న చెయ్యి. పిడి ఆ చేతిలో హాయిగా ఒదిగిపోయింది. ఆమె మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, చెయ్యి చాచి, గోడ మీది గడియారం వైపు గురిపెట్టింది.

"మోచెయ్యి వంచకు," అన్నాడు బాబా అలవాటుగా.

"వంచలేదు," అంది మామా.

బాబా చూశాడు. నిజంగానే వంచలేదు. చెయ్యి వణకడం లేదు కూడా. కవరు విప్పడం మానేసి, ఆయన పెరటి తలుపు తీశాడు.

పెరట్లో పావురాల గూడు పక్కన ఆయన సాధన చేసుకునే అట్ట ఒకటి ఉంది. మామా పది గుళ్ళు పేల్చింది. బాబా వెళ్ళి కాగితం ఊడదీసి తెచ్చాడు. ముందువైపు లెక్కపెట్టాడు. నమ్మకం కలగక, వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టుకుని ఆ వైపునుంచి కూడా లెక్కపెట్టాడు. ఎనిమిది నల్లచుక్కలోనే ఉన్నాయి. ఏడాదిలో ఆయన లెక్క ఎప్పుడూ ఆరు దాటలేదు.

"శుక్రవారం నేను పోతాను," అంది మామా. "పెంచల్ బండి తోలతాడు. అప్పటిదాకా ఎవరూ ఏ ఊరికీ పోరు."

ఆ మూడు రోజులూ పెంచల్ అన్నం సరిగా తినలేదు. శుక్రవారం మామా సరిగా కొట్టకపోతే తన టికెట్ ఖాయమని అతని లెక్క. క్లబ్బు బయట బండిలో కూర్చుని, లోపలినుంచి టప్పుమన్నప్పుడల్లా ఊళ్ళో దేవుళ్ళను పేరుపేరునా పిలిచాడు. మామా ఆడవాళ్ళ పోటీలో రెండో స్థానంలో నిలిచి, చిన్న కప్పు పట్టుకుని బయటికి వచ్చింది. ఇంటికి చేరేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. బాబా వెనకసీట్లో కూర్చుని అన్నిటికీ తలూపాడు.

"ఇకనుంచి శని, సోమ, బుధవారాలు నేను క్లబ్బుకు పోవాలి," అంది ఆమె ఇల్లు చేరగానే. "అంకాలమ్మ ఒక్కతే వంటిల్లు చూసుకోలేదు. ఆ కాగితం ఎక్కడ పెట్టావు?"

బాబా సొరుగులోంచి కాగితం తీసి, నలిగిన మూల సర్ది, సంతకం పెట్టాడు. రెండో గ్లాసు దాకా కూడా ఆగలేదు. మొదటి గ్లాసులోనే పెట్టేశాడు. లెబనాన్ ముసలాయనకు కళ్ళెప్పుడు బాగవుతాయో కనుక్కోమని మాత్రం పెంచల్‌కు దీనంగా చెప్పాడు.

సాయంత్రం ఫర్వానియాలో ఫోన్ కార్డు కొనుక్కుని పెంచల్ ఇంటికి ఫోన్ చేశాడు.

"మే, వీసా అయిపోయింది! సంతకం పడింది!"

అవతల వెంకటేశ్వరి ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. తర్వాత అడిగింది. "నెల దినాల్నుంచి రేపు మాపు అంటాంటివి. ఉన్నట్టుండి ఎట్లయినాది?"

సంతోషంతో పెంచల్‌కు నోరు ఆగలేదు. పుట్టీ మొదలుపెట్టి అన్నీ చెప్పుకొచ్చాడు. పిడి మీద తన ఐదు వేళ్ళు, పసుప్పచ్చ గ్లౌజులు, గోళ్ళతో కార్డు పట్టుకున్న పోలీసు, ప్రార్థన చేసిన పాలకొల్లు వడ్రంగి, రోకలి పట్టుకున్న అంకాలమ్మ, ఎనిమిది గుళ్ళు కొట్టిన మామా. ఒక్కటీ దాచలేదు, ఒక్కటీ కలపలేదు. వెంకటేశ్వరి మధ్యలో ఊ కూడా కొట్టకుండా చివరిదాకా విన్నది.

"అయిపోయినాదా?"

"అయిపోయింది. ఎట్లుండాది?"

"యోవ్, నా మొగం సూస్తే నీకు ఎట్ల కనపడతాండా? తుపాకంట, గ్లౌజులంట! ఆయమ్మ చేతికి పిడి సరిపోయిందని నాకు వీసా ఇచ్చినారా? ఏందో దాస్తాండావు. రానీ, నేనొచ్చి నా కండ్లతోనే సూసుకుంటా. పెట్టెయ్ ఫోను."

ఫోను తెగిపోయింది. కడుపునిండా తింటున్నానని, ఎండ పెద్దగా లేదని, ఇక్కడ ఎవరూ తనను ఒక్క మాట అనరని పదకొండేళ్ళుగా పెంచల్ చెప్పిన ప్రతి మాటనూ ఆమె నమ్ముతూ వచ్చింది. అతను ఆమెతో మొదలునుంచి చివరిదాకా నిజమే మాట్లాడింది ఆ రోజొక్కటే.